గొట్టం కోస్తే గుర్రాలు పెరగవు

నౌపడా నుంచి భావనపాడు వచ్చే రోడ్డు మీద ఇప్పుడు ట్రాక్టరు కంటికి కనిపించడానికి చాలా ముందే చెవికి వినిపిస్తోంది. ఒకప్పుడు ఈ రోడ్డు మీద చప్పుడంటే ఉప్పు లారీలదీ, చేపల వ్యాన్లదీ. 2023 ఏప్రిల్‌లో మూలపేట పోర్టుకు శంకుస్థాపన జరిగాక టిప్పర్ల మోత వచ్చి చేరింది. దానితో పోటీ అన్నట్టు మన కుర్రాళ్లు కొందరు ట్రాక్టరు సైలెన్సరు విప్పి పక్కన పడేస్తున్నారు. ఆ చోట తిన్నని ఇనుప గొట్టం వెల్డింగు చేయించుకుంటున్నారు. ఇంకొందరు సైలెన్సరును మధ్యకు కోయించి, లోపలి రేకులు పీకించి, మళ్లీ అతికించుకుంటున్నారు. బయటికి చూస్తే కంపెనీదే, లోపల మాత్రం ఖాళీ డబ్బా.

ఎందుకురా ఇదంతా అని అడిగితే మూడు కారణాలు చెబుతారు. లాగుడు పెరుగుతుందంటారు. డీజిలు ఆదా అంటారు. నలుగురిలో మన బండి వేరుగా వినబడుతుందంటారు. మూడోదాని జోలికి మేము పోము. వయసులో ఉన్నవాళ్ల ముచ్చట వాళ్లది. మొదటి రెండూ అలా కాదు. అవి రైతు కడుపుకు, అప్పుకు సంబంధించిన మాటలు. ఆ రెండూ నిజం కావని, ఆ నమ్మకానికి మనం కట్టే ధర చాలా పెద్దదని చెప్పడానికే ఇది రాస్తున్నాం. ఆ కుర్రాళ్లను తిట్టి ఊరుకోవడం మాత్రం మా పని కాదు. తిట్టడానికి చాలామంది ఉన్నారు.

ముందుగా ట్రాక్టరు ఎవరిదో చూద్దాం. పట్నంలో కూర్చుని రాసేవాళ్లకు ట్రాక్టరున్నవాడంటే మోతుబరి. సంతబొమ్మాళి, టెక్కలి వైపు వచ్చి చూస్తే సంగతి తెలుస్తుంది. రెండు మూడెకరాల సొంత భూమి, కొంత కౌలు, దాని మీద ఫైనాన్సులో తీసుకున్న ట్రాక్టరు. ఆరు నెలలకో కిస్తీ. ఉభాల ముందు దమ్ము, నూర్పుల్లో కళ్లం పని, ధాన్యం తోలకం, మిగతా నెలల్లో ఇటుక, ఇసక, ఎరువు, ఏది దొరికితే అది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరిని, జీడిని పడగొట్టినప్పుడు తోటల్లోంచి మొద్దులు లాగిందీ ఈ ట్రాక్టర్లే. పని దొరికిన పదిహేను రోజుల్లోనే కిస్తీ సంపాదించాలి. పక్కవాడి 50 హెచ్‌పీ బండి రెండు గంటల్లో చేసే మడిని తన 39 హెచ్‌పీ బండి మూడు గంటలు చేస్తుంటే రైతు ఎవణ్ని పిలుస్తాడు? ఆ గాబరాలోనే వెల్డింగు షాపు దారి పడుతున్నారు. "లాగుడు పెరిగింది బావూ, నువ్వు సూడలేదు గానీ" అని మాతో వాదించినవాళ్లలో ఒక్కడు కూడా సోమరి కాదు.

అసలీ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? మాకు తెలిసినంతలో ఇది మోటారు సైకిళ్ల నుంచి వచ్చింది. 1985 నుంచి 1996 వరకు మన దేశంలో తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100 గుర్తుందా? దాని సైలెన్సరు మార్చితే బండి స్వభావమే మారేది. అది అబద్ధం కాదు. ఆ బండిది టూ స్ట్రోక్ ఇంజను. అందులో పాత పొగ బయటికి పోయేదీ, కొత్త పెట్రోలు గాలి లోపలికి వచ్చేదీ ఇంచుమించు ఒకేసారి. కొత్తగా వచ్చినదాంట్లో కొంత పొగతో పాటే బయటికి జారిపోతుంది. సైలెన్సరు కడుపు సరైన ఆకారంలో ఉంటే, పోయే పొగ అల గోడకు తగిలి వెనక్కి వచ్చి, జారిపోయే పెట్రోలు గాలిని మళ్లీ సిలిండరులోకి నెడుతుంది. 1950లలో తూర్పు జర్మనీలో ఎమ్‌జెడ్ రేసు బండ్ల మీద వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు ఈ విద్యను ఒక శాస్త్రంగా నిలబెట్టాడు. అక్కడ సైలెన్సరు ఇంజనులో భాగం. దాని పొడవు, లావు, వంపు అన్నీ లెక్క ప్రకారం ఉండాలి. అంటే అక్కడ కూడా కోసి పారేస్తే బలం రాదు, లెక్క ప్రకారం కొత్తది చేస్తేనే వస్తుంది. ఈ సగం ముక్క మనవాళ్లకు ఎవరూ చెప్పలేదు.

మన ట్రాక్టరు టూ స్ట్రోకూ కాదు, పెట్రోలూ కాదు. ఫోర్ స్ట్రోక్ డీజిలు ఇంజను. గాలి పీల్చడం ఒక దెబ్బ, నొక్కడం ఒక దెబ్బ, మండడం ఒక దెబ్బ, పొగను తోసేయడం ఇంకో దెబ్బ. పొగను తోసేటప్పుడు దానికి వాల్వు వేరు, దారి వేరు. మూడు సిలిండర్ల ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే, సెకనుకు 50 సార్లు పొగ గొట్టంలోకి పేలుతుంది. ఆ 50 పేలుళ్లను రేకుల మధ్య, చిల్లుల గుండా తిప్పి మెత్తబరచడమే సైలెన్సరు పని. ఆ తిప్పడంలో పొగకు కొంత అడ్డు తగులుతుంది, నిజమే. ఆ అడ్డు ఎంత ఉండాలో కంపెనీ ఇంజను చేసేటప్పుడే లెక్క వేసుకుంటుంది. టర్బో ఉన్న పెద్ద ఇంజన్లకు ఈ అడ్డు కొంచెం ఎక్కువ లెక్కలోకి వస్తుంది. మన దగ్గర ఎక్కువగా తిరిగే మామూలు ఇంజన్లలో సైలెన్సరు మసితో పూడుకుపోతే తప్ప, దాన్ని తీసేసినందువల్ల చేలో తెలిసేంత తేడా రాదు. పూడుకుపోతే మాత్రం తప్పక బలం తగ్గుతుంది. దానికి మందు విప్పి మసి దులపడం, తుప్పు పట్టి పోతే కొత్తది వేయడం.

ఇంకో మాట. డీజిలు ఇంజను బలం ప్రతి దెబ్బకూ పంపు ఎంత డీజిలు కొడుతుందో దాని మీద ఆధారపడి ఉంటుంది. ఎన్ని చుట్లు తిరగాలో గవర్నరు చూసుకుంటుంది. గొట్టం ఎంత వెడల్పు చేసినా పంపు అంతే కొడుతుంది, గవర్నరు అక్కడే ఆపుతుంది. అందుకే గొట్టం మార్చిన మెకానిక్కు అంతటితో ఆగడు. ఆగితే బండిలో తేడా కనిపించదు, డబ్బులిచ్చినవాడు నిలదీస్తాడు. అందుకని పంపు మీద కంపెనీ వేసిన సీలు తెంపి స్క్రూ తిప్పుతాడు. ఇప్పుడు డీజిలు ఎక్కువ పడుతుంది. అప్పుడు బండి నిజంగానే లాగుతుంది! చేసింది స్క్రూ, పేరొచ్చింది గొట్టానికి.

లాగితే మంచిదే కదా అనొచ్చు. డీజిలు పెంచాం గాని గాలి పెంచలేదు. గాలి చాలని డీజిలు సగం కాలి నల్లపొగ అవుతుంది. నల్లపొగ చూసి బండి పవరు అని మురిసేవాళ్లను చూస్తే మాకు జాలి వేస్తుంది. అది మన జేబులోంచి కాలకుండా లేచిపోతున్న డీజిలు. గంటకు అర లీటరు ఎక్కువ తాగిందనుకుందాం, ఏడాదికి 600 గంటలు నడిచిందనుకుందాం. 300 లీటర్లు. లీటరు వంద రూపాయలకు దగ్గరగా ఉన్నప్పుడు అది ఎంతో ఎవరి వేళ్ల మీద వాళ్లు లెక్కపెట్టుకోవచ్చు. ఆ పైన పెరిగిన వేడి పిస్టనును, హెడ్ గాస్కెట్‌ను తింటుంది. కంపెనీ 39 గుర్రాలకని చేసిన క్లచ్చు, గేరుబాక్సు అంతకు మించిన బరువు మోస్తాయి. అవి ఈ ఏడాది పోవు, వచ్చే ఏడాది దమ్ము మధ్యలో పోతాయి. అప్పుడు ఎవరూ గొట్టాన్ని తప్పుపట్టరు. వారంటీ అడిగితే పంపు సీలు చూపించి షోరూమువాళ్లు చేతులెత్తేస్తారు. విడిభాగాల కొట్టుకు మాత్రం గిరాకీ. ఎద్దు పుండు కాకికి ముద్దు అని పెద్దలు ఊరికే అనలేదు.

మరి పోయిన లాగుడు ఎక్కడ పోతోంది? చాలా బండ్లలో అది సైలెన్సరు దాకా వెళ్లకముందే పోతోంది. ఎయిర్ క్లీనరు మూత తీసి చూడండి. కళ్లం పనిలో, ఇటుక తోలకంలో లేచే దుమ్మంతా ఆ నూనె గిన్నెలో బురదై కూర్చుంటుంది. ముక్కు మూసుకుపోయిన మనిషి బస్తా మోయగలడా? దుమ్ము పనిలో దాన్ని రోజూ చూడాలి. ఇంజెక్టర్లు డీజిలును మంచులా చల్లాలి, చుక్కలుగా కారిస్తే సగం వృథా. ట్యాపెట్ సందు సరిగా ఉందో లేదో ఎన్ని గంటలకొకసారి చూడాలో బండితో ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. ఆ పుస్తకం ఎక్కడుందో ఇంట్లో ఆడవాళ్లను అడిగితే తెలుస్తుంది, వాళ్లే కదా కాగితాలు దాచేది.

అన్నిటికంటే ఎక్కువ బలం పోయేది చక్రం కింద. ఇంజను ఎంత గట్టిగా తిప్పినా టైరు నేలను పట్టకుండా జారితే బండి ముందుకు పోదు. దాన్ని కొలవడానికి మెకానిక్కు అక్కర్లేదు, సుద్దముక్క, టేపు చాలు. పొడి చేలో వెనక టైరు మీద సుద్దతో గీత పెట్టండి. నాగలి ఎత్తి, టైరు పది చుట్లు తిరిగేలా నడిపి, ఎంత దూరం పోయిందో కొలవండి. 40 మీటర్లు వచ్చిందనుకుందాం. ఇప్పుడు నాగలి దించి అదే గేరులో మళ్లీ పది చుట్లు. 34 మీటర్లు వస్తే జారుడు 15 శాతం. పొడి నేలలో 10 నుంచి 15 శాతం లోపు ఉంటే బాగానే ఉన్నట్టు. 28 మీటర్లే వస్తే జారుడు 30 శాతం, అంటే చక్రానికి చేరిన బలంలో పదింట మూడు పాళ్లు మట్టిని గీకడానికే పోయింది. అలాంటప్పుడు టైరులో నీళ్లు పట్టించడం, వెనక చక్రాలకు దిమ్మలు బిగించడం, అరిగిన టైరు మార్చడం, గాలి సరిచూడడం చేయాలి. తేలిక పనికి పెద్ద గేరు వేసి రేజింగు తగ్గించి నడిపితే డీజిలు మిగులుతుంది. ఇవేవీ చప్పుడు చేయవు. అందుకే వీటికి పేరు లేదు.

ఇంతవరకు డబ్బు సంగతి. మమ్మల్ని నిజంగా బాధపెట్టేది చెవుల సంగతి.

ట్రాక్టరు కొన్నవాడు ఒకడు, రోజంతా దాని మీద కూర్చునేవాడు చాలాచోట్ల వేరొకడు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రాడు, రోజు కూలికో నెల జీతానికో వచ్చినవాడు. ఉభాల రోజుల్లో తెల్లారకముందు ఎక్కితే రాత్రి లైట్లేసుకుని దమ్ము చేస్తాడు. పన్నెండు గంటలు దాటిన రోజులెన్నో. గొట్టం నోరు అతని ముఖానికి నాలుగడుగుల ముందు. కంపెనీ సైలెన్సరు ఉన్నప్పుడే డ్రైవరు చెవి దగ్గర శబ్దం 90 డెసిబెల్స్ దాటుతుందని చాలా ట్రాక్టర్ల ప్రభుత్వ పరీక్ష నివేదికల్లో కనిపిస్తుంది. సైలెన్సరు తీసేశాక ఎంతో ఎవరూ కొలవలేదు. డెసిబెల్స్ లెక్క మామూలు లెక్క కాదని గుర్తుంచుకోవాలి. పది డెసిబెల్స్ పెరిగితే చెవిలోకి పోయే శబ్ద శక్తి పది రెట్లవుతుంది.

ఫ్యాక్టరీలకు దీనికి ఒక లెక్క రాసుకున్నారు. 90 డెసిబెల్స్ అయితే రోజుకు 8 గంటలు, 95 అయితే 4 గంటలు, 100 అయితే 2 గంటలు, 105 అయితే ఒక్క గంట. అంతకు మించి కార్మికుణ్ని అక్కడ నిలబెట్టకూడదు. కార్మికులు పోరాడి తెచ్చుకున్న లెక్క ఇది. మన చేలో ఈ లెక్క చూసేవాడు ఎవడు? చేనుకు ఇన్‌స్పెక్టరు రాడు. వస్తే శిస్తుకో, సర్వేకో వస్తాడు.

చప్పుడు వల్ల వచ్చే చెవుడు ఒక్కరోజులో రాదు. నొప్పి ఉండదు, రక్తం రాదు. చెవి లోపల శబ్దాన్ని పట్టే సన్నని వెంట్రుకల్లాంటి కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. అవి మళ్లీ మొలవవు. ముందుగా పోయేది సన్నని శబ్దాలు. ఆడవాళ్ల మాట, పిల్లల మాట, పిట్ట కూత, సెల్‌ఫోను గంట. పని దిగాక చెవుల్లో గుయ్‌మంటోందని కుర్రాడు అంటాడు, పొద్దున్నకు తగ్గిందంటాడు. అదే మొదటి గుర్తు. ముప్పై ఏళ్లకు భార్య రెండోసారి పిలిస్తే తప్ప పలకడు. పొగరనుకుంటారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే సామెతను మనం నవ్వుకోవడానికి వాడుకుంటాం గాని, చెవిటివాడు ఎలా అయ్యాడో అడగం. దూది పెట్టుకుంటే చాలనుకునేవాళ్లూ ఉన్నారు. దూది చేసే మేలు బహు కొంచెం. మందుల కొట్టులో, హార్డ్‌వేరు కొట్టులో దొరికే రబ్బరు బిరడాలు గాని, చెవులు మూసే కప్పులు గాని కావాలి. డీజిలు కొనేవాడు వాటిని కూడా కొనివ్వాలి. ఇది ట్రాక్టరు యజమానులైన మన సంఘం సభ్యులకే చెబుతున్నాం. కోపం వస్తే రానివ్వండి.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. 1923లో వచ్చిన కార్మికుల నష్టపరిహార చట్టం, ట్రాక్టరుతో సేద్యం చేసే పనివాణ్ని తన జాబితాలో పేరు పెట్టి చేర్చుకుంది. చప్పుడు వల్ల వచ్చే వినికిడి లోపాన్ని వృత్తి జబ్బుల పట్టికలో చేర్చారు. ఇప్పుడు పాత చట్టాలను తీసి సామాజిక భద్రతా కోడ్ అని తెచ్చారు. వ్యవసాయ కార్మిక సంఘాలవాళ్లతో కలిసి మనం అడగాల్సిన ప్రశ్న ఇక్కడుంది. కాగితం మీద హక్కు ఉన్న ఈ కుర్రాడికి చెవి పరీక్ష చేసే యంత్రం ఏ ఊరి ఆసుపత్రిలో ఉంది? పరీక్షే లేనప్పుడు జబ్బు ఎలా రుజువవుతుంది? తేలినీలాపురంలో చెట్ల మీద గూళ్లు పెట్టే గూడబాతులను, కొంగలను ఊరివాళ్లు బిడ్డల్లా కాపాడుకుంటున్నారు, పిట్టలు బెదరకూడదని చూస్తున్నారు. చాలా మంచి పని. ట్రాక్టరు మీది పిల్లవాడికి ఆ పాటి పట్టింపు దొరకడం లేదు.

కళ్లం సంగతి కూడా చెప్పుకోవాలి. సైలెన్సరు రేకులు చప్పుణ్నే కాదు, మసితో పాటు ఎగిరే నిప్పురవ్వలను కూడా కొంతవరకు ఆపుతాయి. తిన్నని గొట్టంలో వాటికి అడ్డు లేదు. బరువు పడినప్పుడు ఎర్రగా కాలిన మసి పెళ్లలు నేరుగా గాలిలోకి ఎగురుతాయి. నూర్పుల రోజుల్లో చుట్టూ ఎండిన గడ్డి, వరికుప్పలు, పైన కరెంటు తీగలు. సముద్రపు గాలి సంగతి మనకు చెప్పనక్కర్లేదు. ఒక్క రవ్వ చాలు. కౌలు రైతు కుప్ప కాలితే నష్టపరిహారం పట్టాదారు పేరు మీద వస్తుందా, అసలు వస్తుందా అనేది మనం ఎన్నాళ్లుగానో కొట్టుకుంటున్న గొడవే. దానికి తోడు ట్రాక్టరు అక్రమంగా మార్చినదని తేలితే బీమా కంపెనీకి ఒక సాకు చేతికిచ్చినట్టవుతుంది. ఇక వానాకాలం. కంపెనీ గొట్టానికి వంపో, మూతో ఉంటుంది. కోసిన గొట్టం ఆకాశానికి నోరు తెరుచుకుని ఉంటుంది. పాత రోజుల్లో మన పెద్దవాళ్లు రాత్రి బండి ఆపాక గొట్టం మీద కొబ్బరిచిప్పో, పాలడబ్బానో బోర్లించేవాళ్లు. అది కూడా మర్చిపోతే నీళ్లు వాల్వు దారిన సిలిండరులోకి దిగుతాయి. మర్నాడు సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకుందాం. 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 120వ నిబంధన, వ్యవసాయ ట్రాక్టరుతో సహా ప్రతి వాహనానికి సైలెన్సరు ఉండాలని చెబుతోంది. "మనది రోడ్డు బండి కాదు, పొలం బండి, మనకు వర్తించదు" అనే వాదన చెల్లదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 182ఎ ప్రకారం బండిని అనుమతి లేకుండా మారిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద మొదటిసారికే 10,000 వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లైసెన్సు కూడా మూడు నెలలు పోతుంది. విశాఖ బీచ్ రోడ్డులో పోలీసులు మోటారు సైకిళ్ల సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలరుతో తొక్కించిన దృశ్యాలు టీవీల్లో మనమంతా చూశాం. షోకు కుర్రాళ్లకు అది సరిపోతుందేమో. కిస్తీ కట్టలేక గొట్టం కోయించుకున్న రైతు మీద అదే రోలరు నడిపితే మేము ఒప్పుకోం. ముందు చెప్పాలి, గడువు ఇవ్వాలి, సైలెన్సరు తిరిగి బిగించుకున్నవాణ్ని వదిలేయాలి. జరిమానా పుస్తకం పట్టుకుని దమ్ము రోజుల్లో చేల గట్ల మీదికి వస్తే సంఘం అడ్డం నిలబడుతుంది.

సెల్‌ఫోన్ల పాపం కూడా కొంత ఉంది. పంజాబ్, హర్యానాల్లో ట్రాక్టర్లను ఒకదానితో ఒకటి కట్టి లాగించే పందేలు, ముందు చక్రాలు గాలిలోకి లేపి తిప్పే విన్యాసాలు మన పిల్లలు రాత్రిళ్లు చూస్తారు. ఆ బండ్లు పందెం కోసం లక్షలు పోసి మార్చినవి, సేద్యం చేసేవి కావు. 2023 అక్టోబరులో గురుదాస్‌పూర్ జిల్లాలో గ్రామ క్రీడల్లో విన్యాసం చేస్తున్న యువకుడు తన ట్రాక్టరు కిందే నలిగి చనిపోయాడు. ఆ తర్వాత పంజాబ్ ప్రభుత్వం ఆ విన్యాసాలను నిషేధించింది. ఆ వీడియో మాత్రం మన పిల్లలకు ఎవరూ పంపరు.

తప్పంతా కుర్రాళ్లదీ, మెకానిక్కులదీ అని తేల్చేసి కంపెనీలను వదిలేయడం న్యాయం కాదు. షోరూములో బోర్డు మీద రాసేది ఇంజను హెచ్‌పీ. రొటావేటరు తిప్పేదీ, నీళ్ల పంపు తిప్పేదీ పీటీఓ హెచ్‌పీ. అది ఎప్పుడూ ఇంజను అంకె కంటే తక్కువే. రెండో అంకె అడిగి తెలుసుకుని కొనే రైతు ఎంతమంది? ఆ అంకె తెలియకే 39 కొని 50 పనికి పెడుతున్నాం, చాలక గొట్టం కోస్తున్నాం. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి పీటీఓ బలం, గంటకు డీజిలు ఖర్చు, డ్రైవరు చెవి దగ్గర చప్పుడు అన్నీ నివేదికలో రాస్తుంది. అది ఇంగ్లీషులో ఉంటుంది, రైతు చేతికి రాదు. సబ్సిడీకి మాత్రం ఆ నివేదికే ఆధారం! మన పన్నుతో చేసిన పరీక్ష ఫలితం మన భాషలో ఒక్క పేజీ రాసి షోరూము గోడకు అంటించడానికి ఏం కష్టం?

ముందు రాబోయేది ఇంకా చిక్కు. పొగ తగ్గించాలని 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 ప్రమాణాలు పెట్టారు. పొగ తగ్గాల్సిందే, ఆ పొగ ముందుగా మింగేది మనమే. తరువాతి మెట్టు ట్రెమ్-5 వాయిదాలు పడుతూ వస్తోంది. ఈ కొత్త ఇంజన్లలో చాలావాటికి డీజిలు కొట్టేది కంప్యూటరు. స్క్రూ ఉండదు. పొగ గొట్టంలో మసిని, విషవాయువులను కాల్చే డబ్బాలు, సెన్సర్లు వస్తాయి. దాన్ని కోస్తే ఇంజను తప్పు కోడ్ చూపించి బలం తగ్గించుకుంటుంది. ఆ కోడ్ చదివే యంత్రం కంపెనీ సర్వీసు సెంటరులోనే ఉంటే, టెక్కలిలో ముప్పై ఏళ్లుగా మన బండ్లు బాగుచేస్తున్న మెకానిక్కు ఏం చేయాలి? బండి దమ్ములో ఆగితే మనం ఎన్ని రోజులు కంపెనీ మనిషి కోసం చూడాలి? అమెరికా రైతులకు ఇదే గొడవ వచ్చింది. వాళ్లు పోరాడితే 2023లో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాలు బాగుచేసుకునే హక్కు చట్టం చేసింది. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ జాన్ డీర్ కంపెనీ మీద ఈ విషయంలోనే దావా వేసింది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా 2022 జూలైలో బాగుచేసుకునే హక్కు మీద కమిటీ వేసి, మొదటి నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలను చేర్చింది. కమిటీ వేశారు, పోర్టల్ పెట్టారు. చట్టం మాత్రం రాలేదు.

అందుకని మేము అడుగుతున్నవి ఇవి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్రం నడిపే వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. రాష్ట్రానికి ఆ చివర. భావనపాడు నుంచి అక్కడికి వెళ్లిరావడానికే మెకానిక్కుకు నాలుగు రోజుల కూలి పోతుంది. ఆ శిక్షణ మనుషులను ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికి ఏడాదికొకసారైనా, ఖరీఫ్‌కు ముందు పంపాలి. పీటీఓ బలం కొలిచే యంత్రం, ఇంజెక్టర్లు పరీక్షించే యంత్రం, శబ్దం కొలిచే మీటరు తెచ్చి రైతుల బండ్లకు ఉచితంగా చూడాలి. సైలెన్సరు ఉన్నప్పుడు ఎంత, లేనప్పుడు ఎంత అని అందరి ఎదుటా కొలిచి చూపిస్తే మేము ఇంత రాయాల్సిన పనే ఉండదు. మెకానిక్కులకు శిక్షణలో కూలి ఇవ్వాలి. కంపెనీలు మరమ్మతు పుస్తకాలు తెలుగులో ఇవ్వాలి, కోడ్ చదివే యంత్రాలు బయటి మెకానిక్కులకు అమ్మాలి. డ్రైవర్లకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఏడాదికోసారి చెవి పరీక్ష జరగాలి.

ఇవి వచ్చేలోపు మన చేతిలో ఉన్నవి మనం చేద్దాం. పీకేసిన సైలెన్సరు చాలామంది ఇళ్లలో పశువుల పాక మూల పడి ఉంటుంది, పాత ఇనుముకు ఇంకా వేసి ఉండరు. దాన్ని తీసి, మసి దులిపి, కొత్త గాస్కెట్ వేసి బిగించుకోండి. పంపు స్క్రూ తిప్పించినవాళ్లు దాన్ని టెస్టు బెంచి ఉన్న పంపు షాపులో కంపెనీ కొలతకు పెట్టించుకోండి. అంచనాతో వెనక్కి తిప్పించవద్దు, అది ఇంకో చేటు. టేపు, సుద్దముక్క మా దగ్గర ఉన్నాయి. ఉభాలు మొదలయ్యేలోపు సంతబొమ్మాళి మండలంలో ఏ ఊరివాళ్లు కబురు పెట్టినా వచ్చి చక్రం జారుడు కొలిచి చూపిస్తాం. చేలో నేల కాస్త ఆరి ఉన్నప్పుడు, పొద్దున్నే పిలవండి.